ఫ్యామిలీ ట్రస్టీ సర్వీస్ రివ్యూ: చెల్లి ఖర్చులకి లోటు రానివ్వలేదు, లెక్కలు చూపించమంటేనే ఇబ్బంది

మా నాన్న పెట్టిన ఫ్యామిలీ ట్రస్ట్‌ని చూసుకుంటున్న ఒక ప్రొఫెషనల్ ట్రస్టీ కంపెనీ గురించి ఈ రివ్యూ. అయిదుకి మూడు స్టార్లు ఇస్తున్నాను. కంపెనీతో మా ఉత్తరాలు ఇంకా నడుస్తున్నాయి కాబట్టి పేరు రాయట్లేదు. పేరు లేకపోయినా పనికొస్తుందనే రాస్తున్నా, ఎందుకంటే ఈ సర్వీసులు అమ్మేవాళ్లు మాట్లాడేదంతా సెట్లర్‌తో, అంటే ఆస్తి తెచ్చి ట్రస్ట్‌లో పెట్టే పెద్దాయనతో. ఆయన పోయాక ఏళ్లకేళ్లు ఆ డీడ్ (ట్రస్ట్ షరతులు రాసిన పత్రం) కింద బతకాల్సిన బెనిఫిషియరీలకి, అంటే ఆ ఆస్తి ఎవరి మేలు కోసమో వాళ్లకి, ఏ హక్కులున్నాయో, కంపెనీ వాళ్లు వాటిని ఎంతవరకు గౌరవిస్తారో ఎవరూ రాయరు.

ముందు మా ఇంటి సంగతి. నాన్న సర్వీసులో కూడబెట్టిన ఫిక్స్‌డ్ డిపాజిట్లు, కొన్ని మ్యూచువల్ ఫండ్లు, తార్నాకలో ఉన్న రెండంతస్తుల ఇల్లు అన్నీ కలిపి ఆయన బతికుండగానే డిస్క్రిషనరీ ట్రస్ట్‌లో పెట్టారు. ఇల్లు కూడా ఉంది కాబట్టి డీడ్ రాసి రిజిస్టర్ చేయించడం తప్పనిసరి, అది చేశారు. బెనిఫిషియరీలు అమ్మ, అన్నయ్య, నేను, చెల్లి, మా పిల్లలు, ఇక ముందు పుట్టేవాళ్లతో సహా. చెల్లికి సెరిబ్రల్ పాల్సీ. ముప్పై దాటింది, నడవలేదు, మాట స్పష్టంగా రాదు, కానీ అన్నీ అర్థమవుతాయి, ఎదురుగా కూర్చున్న మనిషి తనని వదిలేసి మాతోనే మాట్లాడుతుంటే మొహం తిప్పేసుకుంటుంది. నాన్న భయమంతా ఆమె గురించే. ఆస్తి ఆమె పేరు మీద పెడితే రేపెవరో వేలిముద్ర వేయించుకుంటారని, మా ఇద్దరి పేరు మీద పెడితే మా అప్పులకో గొడవలకో పోతుందని. అందుకే ఎవరికి ఎంత, ఎప్పుడు అనేది డీడ్‌లో ఎక్కడా లేదు. అవసరాన్ని బట్టి ట్రస్టీయే నిర్ణయించాలి, డిస్క్రిషనరీ అంటే అదే. తన మనసులో మాటని మాత్రం నాన్న విడిగా ఒక ఉత్తరంలో రాసిపెట్టారు, లెటర్ ఆఫ్ విషెస్ అంటారు, చెల్లి అవసరాలు ముందు, మిగిలినవాళ్లవి తర్వాత అని. ఆ ఉత్తరం ట్రస్టీకి దారి చూపిస్తుంది కానీ చట్టప్రకారం కట్టిపడేయదు, ఇది గుర్తుపెట్టుకోండి.

అన్నయ్యనో నన్నో ట్రస్టీగా పెట్టుకుంటే ఫీజులు మిగిలేవి కదా అని చాలామంది బంధువులు అడిగారు. మన ప్రైవేట్ ట్రస్టులకి ఇప్పటికీ వర్తించేది 1882 నాటి ఇండియన్ ట్రస్ట్స్ యాక్ట్. తగిన ట్రస్టీలు ఉండాలని కోరే హక్కు దాని 60వ సెక్షన్‌లో బెనిఫిషియరీకి ఉంది, ఎవరు తగరో కింద వివరణలో ఉంది: విదేశంలో స్థిరపడిన మనిషి, బెనిఫిషియరీ మేలుకి అడ్డొచ్చే స్వార్థం ఉన్న మనిషి, దివాలా తీసిన మనిషి. అన్నయ్య ఉండేది న్యూజెర్సీలో. నేనేమో బెనిఫిషియరీని కూడా, నా అవసరానికీ చెల్లి అవసరానికీ పోటీ వచ్చిన రోజున నేను ఎటు తూగుతానో అని నాన్న ఆలోచించడంలో తప్పేం లేదు. అదే వివరణలో, బెనిఫిషియరీ పర్సనల్ లా (మతాన్ని బట్టి వర్తించే కుటుంబ చట్టం) ఒప్పుకుంటే తప్ప పెళ్లయిన ఆడవాళ్లు కూడా తగరని మైనర్ల పక్కన చేర్చారు, అది చదివినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది.

ఇక అసలు విషయం. డిస్క్రిషనరీ ట్రస్ట్‌లో బెనిఫిషియరీకి "నా వాటా నాకివ్వండి" అని అడిగే హక్కు లేదు, ఎందుకంటే ట్రస్టీ ఇవ్వాలని నిర్ణయించేదాకా వాటా అంటూ ఏదీ ఉండదు. గోండల్ రాజకుటుంబం ఇంగ్లండ్‌లో, అమెరికాలో పెట్టిన ట్రస్టుల మీద నడిచిన పన్ను కేసులో 2014లో మన సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది, ట్రస్టీలు పంచకుండా అట్టిపెట్టిన ఆదాయాన్ని బెనిఫిషియరీ ఆదాయంగా లెక్కేయకూడదని. ఇంగ్లండ్‌లో అప్పటి అత్యున్నత కోర్టు హౌస్ ఆఫ్ లార్డ్స్ 1960ల్లోనే గార్ట్‌సైడ్ కేసులో తేల్చిన సంగతి ఇది. బెనిఫిషియరీకి ఆస్తిలో హక్కు లేదు, కానీ తన పేరుని ట్రస్టీలు సక్రమంగా పరిశీలించాలని కోరే హక్కు ఉంది, ట్రస్టీలు నిజాయితీగా నడుచుకోవాలని కోర్టుకెళ్లి అడిగే హక్కు ఉంది. కుటుంబాల కోసం ట్రస్టులు పెట్టడం మన హైదరాబాద్‌కి కొత్త కూడా కాదు. ఏడో నిజాం 1950 నుంచి వరసగా పెట్టుకుంటూ పోయారు, ఆయన ఫ్యామిలీ ట్రస్ట్ మీద సంపద పన్ను తగువు 1977లో సుప్రీంకోర్టులో తేలింది, నగల ట్రస్టుల్లోని నగల్ని 1995లో కేంద్ర ప్రభుత్వం కొనుక్కుంది.

అంటే డబ్బు అడగలేం, లెక్క అడగగలం. డిస్క్రిషనరీ ట్రస్ట్‌లో బెనిఫిషియరీ చేతిలో గట్టిగా ఉన్నది ఇదొక్కటే, కాబట్టి ఇలాంటి సర్వీసుని కొలవాల్సింది కూడా దీంతోనే అని నా అభిప్రాయం. యాప్ ఎంత బాగుంది, ఆఫీసులో కాఫీ ఇచ్చారా, రిలేషన్‌షిప్ మేనేజర్ పండక్కి స్వీట్లు పంపాడా అన్నవి తర్వాత.

డబ్బు ఇచ్చే విషయంలో మా ట్రస్టీ కంపెనీకి మంచి మార్కులే వేస్తాను. చెల్లిని చూసుకునే ఆవిడ జీతం, ఫిజియోథెరపీ బిల్లు, మందుల ఖర్చు నెల మొదట్లోనే పడిపోతాయి, నాన్న పోయిన నెలలో కూడా ఆగలేదు, ఆ ఒక్కదానికి నేను వాళ్లకి రుణపడి ఉంటాను. పాత వీల్‌చైర్ సీటు కుంగిపోయి చెల్లి నడుముకి పుండు పడితే, డాక్టర్ రాసిన చీటీ, కొటేషన్ మెయిల్ చేశాం, పెద్దగా ప్రశ్నలు వేయకుండా కొలతలకి తగ్గట్టు చేయించుకునే కుర్చీకే శాంక్షన్ చేశారు, రెడీమేడ్‌ది చవగ్గా వస్తుంది కదా అనలేదు. చెల్లి తరఫున అమ్మ సంతకం పెడుతుంది, సెరిబ్రల్ పాల్సీ లాంటివి ఉన్నవాళ్ల కోసం వచ్చిన 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టర్ ఉండే లోకల్ లెవెల్ కమిటీ నుంచి అమ్మకి లీగల్ గార్డియన్ సర్టిఫికెట్ ఉంది. ఈ సర్టిఫికెట్ కాపీ లేనిదే కంపెనీ వాళ్లు ముందుకు కదలలేదు, మొదట్లో విసుగనిపించింది కానీ వాళ్లు అడగడం న్యాయమే. ఇలాంటి పిల్లలున్నవాళ్లు పద్దెనిమిదేళ్లు నిండగానే ఆ సర్టిఫికెట్ పని చూసుకోండి, కన్న తల్లిదండ్రులమే కదా, మళ్లీ కాగితం ఎందుకు అనుకుంటే తర్వాత అన్నిచోట్లా ఆగిపోవాల్సి వస్తుంది.

అన్నయ్య విషయంలో కూడా వాళ్లు చేసింది సరైన పనే అంటాను, అన్నయ్యకి నా మీద కోపం వచ్చినా సరే. అక్కడ ఇల్లు కొనుక్కోవడానికి డౌన్ పేమెంట్ కోసం పెద్ద మొత్తం అడిగాడు, వాళ్లు కుదరదన్నారు. కారణం రెండు వాక్యాల్లో చెప్పారు, చెల్లికి జీవితాంతం కావాల్సిన ఖర్చుల అంచనా ముందు పెట్టుకుంటే అంత తీయలేమని. కారణం చెప్పి తీరాలని రూలేం లేదు, ఇంగ్లండ్ కోర్టులు 1960ల్లోనే లండన్‌డెర్రీ సెటిల్‌మెంట్ కేసులో ట్రస్టీలు తమ ఆలోచనల్ని బయటపెట్టక్కర్లేదన్నాయి. అయినా చెప్పారు, అది నాకు నచ్చింది. అన్నయ్య కోర్టుకెళ్తానన్నాడు. వెళ్లినా మన చట్టంలో 17, 49 సెక్షన్లు కలిపి చదివితే తేలేది ఒకటే, ట్రస్టీ తన విచక్షణని సహేతుకంగా, మంచి ఉద్దేశంతో వాడినంతకాలం కోర్టు వేలు పెట్టదు, అలా వాడకపోతేనే జిల్లా స్థాయి సివిల్ కోర్టు, మాకైతే సిటీ సివిల్ కోర్టు, అదుపు చేస్తుంది. నాకు ఇవ్వలేదు కాబట్టి అన్యాయం అంటే చెల్లదు. అందరం కలిసి ట్రస్ట్‌ని రద్దు చేసి పంచేసుకుందామని కూడా ఒక మాట వచ్చింది. 56వ సెక్షన్ ప్రకారం బెనిఫిషియరీలు అందరూ కాంట్రాక్టుకి అర్హులై, ఒకే మాట మీద ఉంటే ఆస్తిని తమకి బదలాయించమని అడగొచ్చు, నిజమే. కానీ గార్డియన్ ఉన్న చెల్లి సంతకానికి ఆ అర్హత ఉందని ఒప్పుకుంటారన్న నమ్మకం లేదు, పుట్టని పిల్లలు ఒప్పుకునేదీ లేదు. నాన్న ఇదంతా ఆలోచించే చేశారని అప్పుడు అర్థమై నాకు కళ్లనీళ్లు తిరిగాయి.

ఇప్పుడు రెండు స్టార్లు ఎందుకు కోశానో చెప్తాను.

ఏడాదికోసారి మాకొక స్టేట్‌మెంట్ వస్తుంది, ఒకటే పేజీ. ఓపెనింగ్ బ్యాలెన్స్, వచ్చింది, పోయింది, క్లోజింగ్ బ్యాలెన్స్. "ప్రాపర్టీ మెయింటెనెన్స్" అని ఒకే లైను, "ప్రొఫెషనల్ చార్జెస్" అని ఇంకో లైను, పక్కన పెద్ద పెద్ద అంకెలు. తార్నాక ఇంటి కింది పోర్షన్ అద్దెకి ఇచ్చారు, పై పోర్షన్‌లో అమ్మా చెల్లీ ఉంటారు, ఆ ఇంటికి ఏం రిపేరు జరిగిందో ఇంట్లో ఉన్న అమ్మకి తెలియదా? అంత ఖర్చు అయ్యే పనేదీ జరగలేదని అమ్మ అంది. బిల్లులు చూపించమని మేనేజర్‌ని అడిగితే, మర్యాదగానే, "మేడమ్, ఇది డిస్క్రిషనరీ ట్రస్ట్ కదండీ, అకౌంట్స్ సెట్లర్‌కే ఇస్తాం, బెనిఫిషియరీలకి సమ్మరీ మాత్రమే మా పాలసీ" అన్నాడు. సెట్లర్ పోయి ఎంతకాలమైందో ఆయన ఫైల్లోనే ఉంది. ఇక ఆ లెక్కలు అడిగే మనిషి ఎవరు మరి?

చట్టం చాలా సూటిగా ఉంది. 19వ సెక్షన్: ట్రస్టీ స్పష్టంగా, సరిగ్గా లెక్కలు రాయాలి, బెనిఫిషియరీ అడిగితే తగిన సమయాల్లో ట్రస్ట్ ఆస్తి ఎంతుందో ఏ స్థితిలో ఉందో పూర్తి సమాచారం ఇవ్వాలి. 57వ సెక్షన్: ట్రస్ట్ డీడ్, ఆస్తి పత్రాలు, లెక్కలు, వాటికి ఆధారమైన వోచర్లు, ట్రస్టీ తన బాధ్యత కోసం వకీలుని అడిగిన ప్రశ్నలు, తీసుకున్న ఒపీనియన్లు కూడా బెనిఫిషియరీ చూడొచ్చు, కాపీలు తీసుకోవచ్చు. వాటా రాసి ఉన్న బెనిఫిషియరీకి ఒకలా, డిస్క్రిషనరీ బెనిఫిషియరీకి ఒకలా అని ఆ సెక్షన్లలో తేడా ఎక్కడా పెట్టలేదు. పోనీ బయటి దేశాల పద్ధతి చూద్దామన్నా, 2003లో ఐల్ ఆఫ్ మ్యాన్ దీవి నుంచి వచ్చిన ష్మిట్ కేసులో లండన్‌లోని అప్పీలు కోర్టు ప్రివీ కౌన్సిల్ ఏమందంటే, డిస్క్రిషనరీ బెనిఫిషియరీ అయినా సరే పత్రాల కోసం కోర్టుని అడగొచ్చు, ఎంతవరకు చూపించాలో కోర్టు తూచి చెబుతుంది అని. కంపెనీ పాలసీ అన్నమాట వీటిలో దేనికీ ఎదురు నిలవదు.

ఈ రెండు సెక్షన్లు రాసి రిజిస్టర్డ్ పోస్టులో లెటర్ పెట్టాక కథ మారింది, ఆఫీసుకి రమ్మన్నారు. చిన్న మీటింగ్ రూమ్, బల్ల మీద నీలం రంగు బాక్స్ ఫైలు, పక్కన ఒక జూనియర్ అమ్మాయిని కూర్చోబెట్టారు. ఒక్కో వోచర్ తిప్పుతూ వచ్చాను. ఆస్తిపన్ను రసీదు, సున్నం వేసిన మేస్త్రీ బిల్లు, పైన ట్యాంకు మార్చిన బిల్లు. తర్వాత బోరు మోటారు వైండింగ్ బిల్లు, దాని వెనకే మళ్లీ అదే మోటారు, అదే తేదీ, అదే పని, బిల్లు నంబరు మాత్రం వేరు. రెండింటికీ డబ్బు వెళ్లింది. ఆ అమ్మాయి కూడా రెండుసార్లు చూసుకుని, లోపలికి వెళ్లి మేనేజర్‌ని పిలుచుకొచ్చింది. ఏజెన్సీ దగ్గర కనుక్కుని, రెండో బిల్లు మొత్తాన్ని తిరిగి ట్రస్ట్ ఖాతాలో జమ చేయించారు, సారీ చెప్పారు. అక్కడ వాళ్ల నిజాయితీని నేను శంకించట్లేదు. కానీ ఆ ఒక్క లైను సమ్మరీతో సరిపెట్టుకుని ఉంటే అది ఎప్పటికీ బయటపడేది కాదు. పెద్ద మొత్తం కాకపోవచ్చు, చెల్లి ఫిజియోథెరపీకి మాత్రం కొన్ని నెలలు సరిపోతుంది.

ఇంకా తెగని గొడవ లీగల్ ఒపీనియన్ది. తార్నాక ఇల్లు అమ్మి ఆ డబ్బు డిపాజిట్లలో పెడితే మంచిదని వాళ్లకొక ఆలోచన ఉంది, దానిమీద వకీలు ఒపీనియన్ తీసుకున్నారు, ఫీజు ట్రస్ట్ నుంచే కట్టారు. ఆ ఒపీనియన్ కాపీ అడిగితే ఇంటర్నల్ డాక్యుమెంట్ అంటున్నారు. ట్రస్టీలు తమలో తాము చర్చించుకున్న కారణాల నోట్స్ ఇవ్వమని నేను అడగలేదు, అది వాళ్ల విచక్షణకి సంబంధించినది, ఒప్పుకుంటాను. ఒపీనియన్ అలా కాదు, 57లో పేరు పెట్టి మరీ రాశారు. చెల్లి పుట్టి పెరిగిన ఇల్లు అది, ర్యాంపు, బాత్రూమ్‌లో పట్టుకునే రాడ్లు అన్నీ నాన్న దగ్గరుండి పెట్టించారు. అమ్మడం మంచిదే కావచ్చు, నేను వద్దని పట్టుబట్టట్లేదు, ఏ ఆధారంతో అమ్ముతున్నారో మాకు చూపించమంటున్నాను.

దీనికి వాళ్లు ఇచ్చిన ఇంకో జవాబు, డీడ్‌లో ఆర్బిట్రేషన్ (కోర్టు బయట మధ్యవర్తి తగువు తేల్చే పద్ధతి) క్లాజు ఉంది, అభ్యంతరముంటే ఆర్బిట్రేటర్ దగ్గరికి వెళ్లండి అని. ఇలా చెప్పి భయపెడితే వెనక్కి తగ్గకండి. ట్రస్ట్ డీడ్ మీద బెనిఫిషియరీలు సంతకం చేయరు, అది వాళ్ల మధ్య ఒప్పందం కాదు, కాబట్టి డీడ్‌లో క్లాజు ఉన్నంతమాత్రాన బెనిఫిషియరీల తగువులు ఆర్బిట్రేషన్‌కి వెళ్లవని 2016లో విమల్ కిశోర్ షా కేసులో సుప్రీంకోర్టు చెప్పేసింది. సివిల్ కోర్టు తలుపు తెరిచే ఉంది, 61వ సెక్షన్ కింద ట్రస్టీ చేత అతని బాధ్యత చేయించమని దావా వేయొచ్చు.

ఫీజు గురించి క్లుప్తంగా. ట్రస్ట్ సొమ్ములో ఏటా ఇంత శాతం, దాని మీద జీఎస్టీ. డీడ్‌లో రాయకుండా, ఒప్పందం లేకుండా, కోర్టు చెప్పకుండా ట్రస్టీకి జీతం అడిగే హక్కు లేదు, అది 50వ సెక్షన్. మా డీడ్‌లో రాసి ఉంది కాబట్టి పేచీ లేదు. ఎంత శాతమో షెడ్యూల్లో చూసుకోండి, ఆస్తి అమ్మితే విడిగా చార్జి ఉందేమో అది కూడా.

పన్ను విషయంలో మాత్రం డీడ్ రాసేటప్పుడే వీళ్లు నాన్నకి ఇంకాస్త వివరంగా చెప్పి ఉండాల్సింది. వాటాలు తేలని ట్రస్ట్ కాబట్టి వడ్డీ, అద్దె మీద మామూలు స్లాబులు రావు, మొదటి రూపాయి నుంచీ గరిష్ఠ రేటే పడుతుంది. కొన్ని మినహాయింపులున్నాయి, వ్యాపార ఆదాయం లేకుండా, వీలునామా ద్వారా పెట్టిన ట్రస్ట్ అయి, ఆ మనిషి వీలునామాలో పెట్టిన ట్రస్ట్ అదొక్కటే అయితే మామూలు రేట్లు వర్తిస్తాయి. కొందరికి ఆ దారి నయం. నాన్న బతికుండగానే ఏర్పాటు నడిచి చూడాలనుకున్నారు కాబట్టి మాకు అది కుదిరేది కాదేమో, కానీ ఆయనకి రెండూ పక్కపక్కన పెట్టి చూపించి ఉంటే బాగుండేది.

అమెరికాలో ఉన్నవాళ్లకి ఒక ముఖ్యమైన మాట, ఇది చెప్పకపోతే ఈ రివ్యూ రాసి లాభం లేదు. గ్రీన్ కార్డ్ ఉన్నా, సిటిజన్ అయినా, ఇక్కడి ట్రస్ట్ నుంచి మీకు డబ్బు వస్తే అక్కడి పన్ను శాఖకి ఫారం 3520 వేయాలి, వేయకపోతే పెనాల్టీ వచ్చిన మొత్తంలో 35 శాతం లేదా 10,000 డాలర్లు, రెండింట్లో ఏది ఎక్కువైతే అది. దాంతోపాటు ట్రస్టీ నుంచి బెనిఫిషియరీ స్టేట్‌మెంట్ కావాలి, వచ్చినదాంట్లో ఈ ఏడాది ఆదాయం ఎంత, పాత ఏళ్లది ఎంత అని విడగొట్టి. అది లేకపోతే మొత్తాన్నీ పాత ఏళ్లలో పోగుపడిన ఆదాయంగా చూసి పన్ను, పైన వడ్డీ వేసే ప్రమాదం ఉంది. అన్నయ్యకి పిల్లల చదువుకని చిన్న మొత్తం ఇచ్చినప్పుడు ఈ స్టేట్‌మెంట్ అడిగితే మా కంపెనీలో ఎవరికీ అదేంటో తెలియదు, వాళ్ల సీఏకీ అన్నయ్య సీపీఏకీ (అమెరికా అకౌంటెంట్) మధ్య మెయిళ్లు నలిగి నలిగి ఆఖరికి వచ్చింది. ఎన్నారై కుటుంబాలకి సర్వీస్ ఇస్తామని బ్రోషర్‌లో వేసుకున్నవాళ్లకి ఇది తెలిసి ఉండాలి.

ఎవరికి పనికొస్తుందంటే, ఇంట్లో తన ఆస్తి తాను చూసుకోలేని మనిషి ఉండి, చూసుకునే తోబుట్టువులు తలో చోటా ఉంటే, ఇలాంటి ట్రస్ట్ పెట్టండి, ప్రొఫెషనల్ ట్రస్టీనే పెట్టండి, నాకు అందులో సందేహం లేదు. కానీ డీడ్ మీద సెట్లర్ సంతకం పడకముందే, ఆయన ఓపికగా కూర్చుని మాట్లాడగలిగినప్పుడే, మూడు మాటలు అందులో రాయించండి. వోచర్లతో సహా పూర్తి లెక్కలు ఏటా పెద్దవాళ్లయిన ప్రతి బెనిఫిషియరీకీ, ఆ స్థితిలో లేనివాళ్ల గార్డియన్‌కీ పంపాలని. సెట్లర్ పోయాక ట్రస్టీని ప్రశ్నించడానికి, అవసరమైతే మార్చడానికి అధికారమున్న ఒక ప్రొటెక్టర్ ఉండాలని, అతనూ పోతే తర్వాత ఎవరో కూడా. ఉంటున్న ఇల్లు అమ్మాలంటే కనీసం ముందుగా రాతపూర్వకంగా కుటుంబానికి తెలియజేయాలని. మా డీడ్‌లో ప్రొటెక్టర్‌గా నాన్న తన పేరే రాసుకున్నారు, తర్వాత ఎవరన్న చోట ఖాళీ గీత ఉంది. డ్రాఫ్ట్ చేసిన కంపెనీ వాళ్లు ఆ గీతని చూసి కూడా రిజిస్ట్రేషన్‌కి పంపేశారు.